పెన్‌డ్రైవ్‌లో డప్పు

సింగరేణి వాళ్ళ సెంటినరీ కాలనీలో మొన్నీమధ్య ఒక పెళ్ళి బరాత్ చూశాను. క్వార్టర్ల సందు మొదట్లో డీజే బండి ఆగి ఉంది. ట్రాలీ మీద ఎత్తుగా పేర్చిన బాక్సులు, వెనక జనరేటరు, ముందు బల్ల మీద ల్యాప్‌టాపు, దాని పక్కన కీబోర్డు, ఒక రిథమ్ ప్యాడు. బండికి పది గజాల దూరంలో ప్రహరీ వారగా నలుగురు డప్పులోళ్ళు అట్టముక్కలు, వరిగడ్డి పోగేసి మంట పెట్టి డప్పులు కాగబెట్టుకుంటున్నారు. వాళ్ళలో పెద్దాయన డప్పును మంటకు చూపిస్తాడు, వేలితో ఓసారి తడతాడు, చెవి దగ్గర పెట్టుకుని వింటాడు, మళ్ళీ మంటకు చూపిస్తాడు. మా నాయన బొగ్గుబాయిలో పైకప్పును ఇట్లాగే వినేవాడు. పని మొదలుపెట్టే ముందు కర్రతో బండను తట్టి చూస్తారు. గట్టిదైతే ఖంగుమంటుంది, లోపల పగులుంటే డొల్ల మోత వస్తుంది. ఆ తేడా చెవికి పట్టని మనిషికి బాయిలో భద్రం లేదు.

పెళ్ళికొడుకు కారెక్కాక రెండూ ఒకేసారి మొదలయ్యాయి. ల్యాప్‌టాపులో డప్పు లూపు, బయట నాలుగు డప్పులు. అర నిమిషం బాగానే ఉంది. ఇంతలో మేనమామ ఒకాయన తలకు రుమాలు చుట్టుకుని మధ్యలోకి దూకాడు. ఆయన అడుగు చూసి డప్పులు వేగం అందుకున్నాయి. ల్యాప్‌టాపు అందుకోలేదు. ముందు చిన్న తేడా, తర్వాత గతుకుల రోడ్డు మీద రెండు బండ్లు పక్కపక్కన ఊగుతున్నట్టు పెద్ద తేడా. చిందేసేవాళ్ళ కాళ్ళు ఎటూ తోచక ఆగిపోయాయి.

"తమ్మీ, నీ డబ్బా జర బందు పెట్టరాదే" అన్నాడు పెద్దాయన.

"కాకా, గది నా చేతుల లేదే. లూపు గంతే నడుస్తది."

"గండ్ల కొట్టేది గూడ డప్పేనాయె. ఎవలు కొట్టిండ్రు?"

పిలగాడు నవ్వి ఊరుకున్నాడు. ఎవరో ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో వచ్చిన డప్పు అది. అంతకు ముందు ఎక్కడిదో అతనికి అక్కర పడలేదు.

యంత్రమూ నేలపాటా కలిసిన చోటల్లా ఇదే ప్రశ్న పైకి వస్తుంది. మన దగ్గర ఈ కలయిక గురించి మాట్లాడేవాళ్ళు రెండే మాటలు మాట్లాడతారు. జానపదాన్ని డీజేలు నాశనం చేశారని ఒకరు, డీజేల పుణ్యాన జానపదం బతికిందని ఇంకొకరు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది గానీ, రెండూ పెద్దాయన అడిగిన దాన్ని దాటేసి పోతాయి. కలిపినప్పుడు వేగం ఎవరి చేతిలో ఉంది, పేరు ఎవరికి దక్కింది అన్న రెండు కొలతలతో చూస్తే మంచి కలయికకూ చెడ్డ కలయికకూ తేడా చాలావరకు తేలిపోతుందని నా అభిప్రాయం.

ముందు బయటి సంగతి. 'వరల్డ్ మ్యూజిక్' అనే మాట సంగీతకారులు పెట్టుకున్నది కాదు. 1987 జూన్ చివర్లో లండన్‌లోని ఒక పబ్బులో చిన్న చిన్న రికార్డు కంపెనీల వాళ్ళు కూర్చుని తేల్చుకున్న మాట. ఆఫ్రికా రికార్డును, బల్గేరియా రికార్డును, కవ్వాలీని దుకాణంలో ఏ అరలో పెట్టాలో తెలియక అన్నిటికీ కలిపి ఒక అట్ట రాసి తగిలించారు. ఆ అట్ట ఇప్పటికీ వదల్లేదు. 2020లో గ్రామీ అవార్డుల వాళ్ళు దాన్ని 'గ్లోబల్ మ్యూజిక్' అని మార్చారు గానీ అర అదే. ఈ లెక్కన లండన్‌కు మన ఒగ్గు డోలు ప్రపంచ సంగీతం, మనకు జమైకా రెగె ప్రపంచ సంగీతం. డోలు కొట్టే ఆయనకు మాత్రం అది బీరప్ప పట్నం నాటి పని.

1990లలో ఈ అరలోని చప్పుళ్ళను డ్యాన్స్ బీట్ మీదికి తెచ్చిన బృందాలు వరసగా వచ్చాయి. లండన్‌లో ట్రాన్స్‌గ్లోబల్ అండర్‌గ్రౌండ్ 1991లో 'టెంపుల్ హెడ్' పాటతో పేరు తెచ్చుకుంది. అరబ్బీ గొంతు, తబలా, ఆఫ్రికా తాళం, ర్యాప్, అన్నీ ఒకే తొట్లో. ఆ బృందంలోంచే నటాషా అట్లస్ గాయనిగా ఎదిగింది. 1996లో ఆఫ్రో కెల్ట్ సౌండ్ సిస్టమ్ మొదటి ఆల్బం వచ్చింది. ఐర్లండ్ పాటగాళ్ళనూ పశ్చిమ ఆఫ్రికా వాద్యకారులనూ ఒకే గదిలో కూర్చోబెట్టి, మధ్యలో యంత్రాన్ని పెట్టారు. 1999లో తల్విన్ సింగ్ తబలాతో, కంప్యూటర్‌తో చేసిన 'ఓకే' ఆల్బానికి బ్రిటన్‌లో మెర్క్యురీ ప్రైజ్ వచ్చింది. వీటిల్లో గట్టివీ ఉన్నాయి, నీళ్ళు కలిపినవీ ఉన్నాయి. అయితే వాయించిన మనిషి అక్కడే ఉన్నాడు. నచ్చకపోతే "ఇట్ల కాదు" అని చెప్పగలిగేవాడు.

రెండో దారి మనిషిని పిలవకుండా టేపును తెచ్చుకోవడం. ఫ్రాన్స్ బృందం డీప్ ఫారెస్ట్ 1992లో ఇచ్చిన 'స్వీట్ లలబై' ప్రపంచమంతా మోగింది. అందులోని గొంతు సాలమన్ దీవుల్లో మలైటా అనే ద్వీపానికి చెందిన అఫునక్వా అనే స్త్రీది. హ్యూగో జెంప్ అనే పరిశోధకుడు 1970 ప్రాంతంలో రికార్డు చేసుకున్న జోలపాట అది. ఆ దీవులున్నది పసిఫిక్ సముద్రంలో. పాట అమ్ముడుపోయింది మాత్రం మధ్య ఆఫ్రికా అడవి బిడ్డల గొంతులన్న పేరు మీద. తర్వాత నార్వేకు చెందిన ఒక పెద్ద శాక్సోఫోన్ కళాకారుడు అదే బాణీని తీసుకుని దానికి ఏకంగా 'పిగ్మీ జోల' అని పేరు పెట్టాడు. ఊరు మారింది, ఖండం మారింది, తల్లి పేరే ఎక్కడా లేదు.

ఎనిగ్మా అనే బృందం కథ ఇంకొంచెం ముందుకు పోయింది. 1994 నాటి 'రిటర్న్ టు ఇన్నోసెన్స్' పాట మొదట్లో వినపడే ముసలి గొంతు తైవాన్‌లోని అమిస్ తెగకు చెందిన డిఫాంగ్ అనే రైతుది. 1988లో ఆయన యూరప్ పోయి పాడినప్పుడు పట్టుకున్న రికార్డు అది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ప్రచారంలో తన గొంతు వినపడుతోందని ఆయనకు తెలిసింది. ఆయనా ఆయన భార్యా కోర్టుకు పోయారు. 1999లో కోర్టు బయట రాజీ కుదిరింది. ఆ తర్వాత పేరు చేర్చారు. ఆ పాటను ఇప్పుడు విన్నా నాకు ఒళ్ళు జలదరిస్తుంది, బాగుందని ఒప్పుకోక తప్పదు. అదే చిక్కు. దొంగసొమ్ము అందంగా ఉండకూడదని ఎక్కడా లేదు.

తెలుగువాళ్ళు మొదటి దారిలో నడిచిన ఒక మంచి ఉదాహరణ ఉంది, మనం దాని గురించి మాట్లాడుకోవడం తక్కువ. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ 1995లో కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి 'డ్రీమ్' అనే ఆల్బం చేశాడు. పీటర్ గాబ్రియేల్ పెట్టిన రియల్ వరల్డ్ కంపెనీ దాన్ని విడుదల చేసింది. అప్పటికే బ్రూక్ నుస్రత్ ఫతే అలీ ఖాన్‌తో 'మస్త్ మస్త్' చేసి ఉన్నాడు. 'డ్రీమ్'లో యంత్రం చేసే పని చాలా తక్కువ. పొగమంచు లాంటి ఒక శ్రుతి పరిచి పక్కకు జరుగుతుంది. మాండలిన్ తన గమకాన్ని తానే సాగదీసుకుంటుంది, తానే ఆపుకుంటుంది. తొందరపెట్టే కిక్కు లేదు. ఇంట్లో రాత్రి షిఫ్టు మనిషి పగలు పడుకుని ఉన్నప్పుడు చిన్న శబ్దంతో పెట్టుకుని వినదగిన ఫ్యూజన్ నాకు తెలిసి ఇదొక్కటే.

సినిమాల్లో కీబోర్డు ఎట్లా వచ్చిందో అందరికీ తెలిసిందే కాబట్టి తొందరగా దాటేస్తాను. 1980ల చివర రాజ్-కోటి పాటలతో సింథసైజర్ చప్పుడు తెలుగు చెవికి అలవాటైంది. వాళ్ళ దగ్గర కీబోర్డు వాయించిన కుర్రాడే 1992లో 'రోజా'తో వచ్చిన ఏ.ఆర్. రెహమాన్. విశాఖ నుంచి రమణ గోగుల మిస్టీ రిథమ్స్ పేరుతో రాక్, రెగె, తెలుగు మాట కలిపి పాప్ ఆల్బం చేసి, ఆ దారినే సినిమాల్లోకి వచ్చాడు. చాలా ఏళ్ళ తర్వాత 2025 సంక్రాంతికి ఆయన గొంతు మళ్ళీ 'గోదారి గట్టు' పాటలో వినపడితే, జోడీగా పాడింది మన గోదావరిఖని పిల్ల మధుప్రియ. చిన్నప్పుడు 'ఆడపిల్లనమ్మా' పాడి ఊరూరా ఏడిపించిన పిల్ల. సింగరేణి వీధుల్లో ఆ రోజుల్లో ఆ పాట మోగని ఆటో లేదు.

ఇక మన తెలంగాణ సంగతి. ఇక్కడ ప్రపంచ సంగీతం కలపాలని ఎవరూ కొత్తగా అనుకోనక్కర్లేదు, ఎప్పుడో కలిసిపోయింది. తీన్మార్‌నే తీసుకోండి. బోనాలకు, గణపతి నిమజ్జనానికి, పార్టీ ర్యాలీకి, చివరికి యూనియన్ ఎన్నికల్లో గెలుపు ఊరేగింపుకు కూడా తీన్మారే. దాని వెనక హైదరాబాద్ మర్ఫా ఉంది. మర్ఫా యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులదీ, తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలదీ. ఇద్దరూ నిజాం కొలువులో సిపాయిలు. అరబ్బుల బ్యారక్‌లున్న చోటు బార్కస్ అయింది, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ ఉన్న చోటు ఏసీ గార్డ్స్ అయింది. సిపాయి పని పోయినా వాద్యం పోలేదు. పెళ్ళిళ్ళ బ్యాండు అయి, గల్లీలు దాటి, జిల్లాలకు పాకి, మన డప్పు దరువుతో వియ్యమందుకుంది. లండన్ పబ్బులో అట్ట రాయక ముందే బార్కస్ గల్లీలో అరలు చెరిగిపోయాయి.

ఇక్కడొక చిన్న లెక్క చెప్పాలి, లేకపోతే తర్వాతి మాట అర్థం కాదు. యూరప్, అమెరికా డ్యాన్స్ సంగీతంలో కిక్కు నాలుగు దెబ్బలు, సమానంగా, గడియారంలా. మన ఊరేగింపు దరువులు ఎక్కువగా మూడు, ఆరు లెక్కలో నడుస్తాయి. సంగీతం మాస్టార్లు తిశ్రం అంటారు. కాలు ముందుకు పడి, ఒళ్ళు కాస్త వెనక్కి ఊగి, మళ్ళీ ముందుకు పోయేది ఆ మూడోదాని వల్లే. 2023 మార్చిలో ఆస్కార్ తెచ్చిన 'నాటు నాటు' లయ కూడా ఆరే. కీరవాణి దాన్ని నాలుగులో కట్టి ఉంటే ఆ కాళ్ళు అట్లా ఎగిరేవి కావు.

తెలంగాణ డీజేలు చేసిన అసలు పని ఇక్కడ ఉందని నేను అనుకుంటాను. నాలుగు దెబ్బలకు పుట్టిన సాఫ్ట్‌వేర్‌ను ఆరు దెబ్బలకు ఒప్పించారు. బెల్జియం కంపెనీ చేసిన ఎఫ్‌ఎల్ స్టూడియోలో చదరపు గళ్ళుంటాయి. తెరిచీ తెరవగానే పదహారు గళ్ళు, నాలుగేసి చొప్పున రంగు మార్చి. ఆ గళ్ళలో తీన్మార్‌ను కూర్చోబెట్టడం అంటే గుండ్రటి గంపను చదరపు పెట్టెలో సర్దడమే. కరీంనగర్, పెద్దపల్లి, మంచిర్యాల చుట్టుపక్కల చిన్న గదుల్లో పిల్లలు ఏ బడికీ పోకుండా ఈ పని నేర్చుకున్నారు. దీన్ని చిన్నచూపు చూసే వ్యాసాలు చాలా చదివాను. రాసినవాళ్ళు ఒక్కసారి ఆ గళ్ళ ముందు కూర్చుని ఉంటే కొంచెం తగ్గి రాసేవారు.

అట్లాంటి గది ఒకటి దగ్గర నుంచి చూశాను. క్వార్టర్‌లో వెనక గది. గోడలకు పాత బొంతలు, గుడ్ల అట్టలు. ఫ్యాన్ ఆపితేనే రికార్డింగు, అందుకని పాడేవాళ్ళు చెమటతో పాడతారు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ అయ్యే వేళకు మైకు ఆపేస్తారు, కిటికీ రెక్కలు గలగలమంటాయి కాబట్టి. కంపెనీలు ఇండియా కోసమని వేరే చేసిన కీబోర్డు మోడళ్ళలో ఢోలక్, తబలా చప్పుళ్ళు ముందే ఉంటాయి. మన డప్పు, ఒగ్గు డోలు చప్పుళ్ళను విడిగా ఎక్కించుకోవాలి. ఎక్కించేవాడు ఆ టోన్లను ఒక ధర కట్టి అమ్ముతాడు. కీబోర్డు వాయించేవాడి వేలు కింద ఒక మీటకు చిర్ర దెబ్బ, పక్క మీటకు చిటికెన పుల్ల దెబ్బ. రెండు చేతుల పని రెండు వేళ్ళకు వచ్చింది.

నాకు కుదరనిది అక్కడే ఒకటి కనపడింది. ఒక అవ్వ వచ్చి పాట పాడింది. ఆమె గొంతు స్వరాల మధ్య సందుల్లో తిరుగుతుంది, అదే ఆ పాట రుచి. పాట అయిపోగానే పిలగాడు ఆటోట్యూన్ ఆన్ చేశాడు. సందులన్నీ పూడిపోయాయి. "ఇప్పుడు సాపుగైందవ్వా" అన్నాడు. "నేను పాడినట్టు లేదు బిడ్డా" అంది అవ్వ, కోపం లేకుండా, వేరే ఎవరి ఫోటోనో చూసి చెప్పినట్టు. ఈ ఆటోట్యూన్ పుట్టుక మన బొగ్గు ప్రాంతం వాళ్ళకు చెప్పదగింది. 1997లో దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకు ముందు చమురు కంపెనీల కోసం పనిచేసిన ఇంజినీరు. భూమిలోకి శబ్ద తరంగాలు పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని బట్టి ఏ పొర ఎక్కడుందో లెక్క కట్టడం ఆయన పని. ఆ గణితమే గొంతులో శ్రుతి వెతకడానికి పనికొచ్చింది. మా నాయన కర్రతో చేసిన పనికి అది దూరపు చుట్టమే. తేడా ఏమంటే, ఆయన బండ మోత విని బండను ఉన్నదున్నట్టు ఒప్పుకునేవాడు. సాపు చేసేవాడు కాదు.

పాటల సంగతికి వస్తే, ఈ పది పన్నెండేళ్ళలో వచ్చిన వాటిని ఒక గాటన కట్టలేం. హైదరాబాద్‌లో చౌరస్తా బ్యాండ్ పల్లెపాటను రెగె ఊపుతో కలిపింది. 2020 లాక్‌డౌన్‌లో వాళ్ళ కరోనా పాట ఇంటింటికీ చేరింది. ఆ బృందంలో పాడిన రామ్ మిరియాలే 2022లో 'డీజే టిల్లు' టైటిల్ పాట కట్టాడు, రాసింది కాసర్ల శ్యామ్. గల్లీ డీజే సినిమా హీరో అయ్యాడంటే సమాజం అతన్ని లెక్కలోకి తీసుకుందనే. అంతకు ముందు ఏడాది 'బుల్లెట్టు బండి' ప్రైవేటు పాటగా వచ్చింది. గోదావరి అవతల మంచిర్యాల జిల్లాలో ఒక పెళ్ళికూతురు బరాత్‌లో దానికి ఆడిన వీడియో దేశమంతా తిరిగింది. సినిమా లేదు, హీరో లేడు. కీబోర్డు, ప్యాడు, ఒక గొంతు, ఒక పెళ్ళి చాలాయి.

సింగరేణి నేపథ్యంతో 2023లో వచ్చిన 'దసరా' సినిమా గోదావరిఖని పక్క ఊరి కథగా నడుస్తుంది. సంగీతం చేసింది చెన్నై మనిషి సంతోష్ నారాయణన్. 'ధూమ్ ధామ్ దోస్తాన్' పాటలో ఆయన చేసిన తెలివైన పని, రాహుల్ సిప్లిగంజ్ పక్కన పాలమూరు జంగిరెడ్డి, గొట్టె కనకవ్వ, నర్సమ్మ, గన్నోర దాస లక్ష్మి గొంతులను నిలబెట్టడం. ఆ గొంతుల గరుకును గరుకుగానే ఉంచారు, పేర్లు పాట కింద ఉన్నాయి. రెండు కొలతల్లోనూ నెగ్గిన పాట ఇది. అదే నెలలో వచ్చిన 'బలగం' చివర్లో బుడగ జంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ పాడిన చావు పాట ఇంకో రకం. అక్కడ యంత్రం దాదాపు చేతులు కట్టుకుని నిలబడింది. థియేటర్లో మా చుట్టూ ఉన్నవాళ్ళు పక్కవాళ్ళ భుజాలు పట్టుకుని ఏడ్చారు. ఎంత వాయించాలో తెలిసిన వాడే ఎప్పుడు ఆపాలో తెలిసినవాడు అంటారు, భీమ్స్ సిసిరోలియోకు ఆ సినిమాలో ఆ మంచి మార్కు వేయాలి.

పేరు దగ్గర వచ్చే తగాదాకు 'సారంగ దరియా' మంచి పాఠం. 2021లో 'లవ్ స్టోరీ' సినిమా కోసం సుద్దాల అశోక్ తేజ పల్లె పాటను తీసుకుని కొత్త చరణాలు కట్టారు. పవన్ సీహెచ్ బీటు, మంగ్లీ గొంతు. పాట పిచ్చిగా నడుస్తుంటే, అంతకు ముందు టీవీ వేదిక మీద దాన్ని పాడిన కోమలి, ఆ పాట తన ద్వారా బయటికి వచ్చిందని, తనను తలచుకోలేదని అడిగింది. దర్శకుడు శేఖర్ కమ్ముల బయటికొచ్చి మాట్లాడాక సర్దుబాటయింది. ఆ నెలంతా పాట ఎవరి సొత్తు అని టీవీల్లో వాదించుకున్నారు. నిజానికి మన చట్టం ఈ విషయంలో జనం అనుకున్నంత మూగది కాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఊరుమ్మడి పాటకు రచయిత హక్కు ఎవరికీ ఉండకపోవచ్చు. కానీ 1994 సవరణతో పాడినవాళ్ళకు, వాయించినవాళ్ళకు తమ ప్రదర్శన మీద హక్కు వచ్చింది. అది ఇప్పుడు 50 ఏళ్ళు ఉంటుంది. 2012 సవరణ వ్యాపారానికి వాడినప్పుడు రాయల్టీ అడిగే వీలు కూడా ఇచ్చింది. అంటే పాట అందరిదే అయినా, అవ్వ ఆ పూట ఆ గదిలో పాడిన ఆ పాడటం అవ్వదే. లూపులోని డప్పు కూడా అంతే, దరువు ఊరిది, ఆ దెబ్బలు ఒక మనిషివి.

ఇది తెలియక నేనూ ఒకసారి మోసపోయాను. మా అమ్మ దగ్గర నేర్చిన ఒక నాట్ల పాటను నేనే ఫోన్లో రికార్డు చేసి ఒక ఛానెల్ వాళ్ళకు పంపించాను, మురిపెంగా. నెల తిరిగేసరికి బీటు వేసి వదిలారు. కింద 'జానపదం' అని ఒక్క మాట. అమ్మ పేరు లేదు. ఫోన్ చేస్తే, "జానపదానికి పేరుంటదా అన్నా" అన్నాడు అవతలి పిలగాడు. అతను అబద్ధం ఆడలేదు, అతనికి నిజంగానే అట్లా తెలుసు. మలైటా తల్లికి జరిగింది మా ఇంట్లో జరగడానికి యూరప్ కంపెనీ రానక్కర్లేదని ఆ రోజు అర్థమైంది.

వేగం విషయానికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే బతుకమ్మ దగ్గర అది ఒళ్ళుకు తగిలే సంగతి. బతుకమ్మ పాటకు వాద్యం చప్పట్లు. వంగి ఒక చప్పట, లేచి ఒక చప్పట, అడుగు పక్కకు. పాట చెప్పే ఆమె ఊపిరిని బట్టి వలయం తిరుగుతుంది. ఆమె అలసిపోతే పాట నెమ్మదిస్తుంది, అరవై ఏళ్ళ అమ్మలు కూడా వలయంలో ఉండగలిగేది అందుకే. కాలనీ గ్రౌండులో డీజే బతుకమ్మ వచ్చాక వలయం రెండుగా చీలింది. లోపల ఆడపిల్లలు, బాక్సుల వేగానికి. బయట కుర్చీల్లో అమ్మలు. వంగి లేవడానికి ఆ బీటులో చోటు లేదు, అందుకని వంగడం పోయి ఊగడం వచ్చింది. 2021లో తెలంగాణ జాగృతి కోసం మిట్టపల్లి సురేందర్ రాసిన 'అల్లిపూల వెన్నెల' బతుకమ్మ పాటకు రెహమాన్ సంగీతం, గౌతమ్ మేనన్ చిత్రీకరణ. తీయటి పాట. వినడానికి బాగుంటుంది, ఆడటానికి మాత్రం మా కాలనీ వలయంలో అది నిలబడలేదు. రెండేళ్ళు చూశాను, ఒకసారి పెడతారు, మళ్ళీ పాత ఉయ్యాలకే పోతారు. ఇంత పెద్ద సంగీతకారుడి పాటను మా ఆడవాళ్ళ కాళ్ళు మర్యాదగా పక్కన పెట్టాయి.

మోత గురించి కూడా ఒక మాట, వదిలేస్తే పక్షపాతం అవుతుంది. 2000 నాటి ధ్వని కాలుష్య నియమాల ప్రకారం ఇళ్ళుండే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి 10 దాటితే బయట బాక్సులు బందు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. షిఫ్టు పనివాళ్ళ కాలనీలో ఈ గొడవ ఇంకా సున్నితం. మొదటి షిఫ్టుకు తెల్లారుజామున లేచే మనిషికి, రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునే మనిషికి నిద్రపోయే గంటలు వేరు. కాబట్టి మాకు 24 గంటల్లో ఎప్పుడూ ఎవరో ఒకరికి రాత్రే. డీజేను సమర్థిస్తూ ఇంత రాసిన నేను కూడా ఆ గోడ అదురుడును సమర్థించలేను. డప్పు మోత గడపదాకా వచ్చి ఆగేది. సబ్‌వూఫర్ మంచం కాళ్ళలోంచి ఎక్కుతుంది.

ఆ బరాత్ రాత్రి సంగతి మధ్యలో వదిలేశాను. చిందు ఆగిపోయాక ఎవరో పెద్దమనిషి పిలగాడి చెవిలో ఏదో చెప్పాడు. పిలగాడు లూపులోని డప్పును తీసేశాడు, కిక్కును తీసేశాడు. కింద బేస్ ఒక్కటి సన్నగా ఉంచాడు, హార్మోనియం శ్రుతిలాగా. డప్పులు ఒంటరిగా మొదలయ్యాయి. నాలుగు చుట్లు విన్నాక పిలగాడు ల్యాప్‌టాపు మీదికి వంగి, వేగం పట్టే ట్యాప్ మీట మీద వేలు పెట్టి, డప్పు దెబ్బకొక దెబ్బ చొప్పున కొట్టసాగాడు. తెర మీద అంకె మారుతోంది. 118, 121, 120. పెద్దాయన అది గమనించాడు. గమనించి, కావాలనే, అర దెబ్బ ముందుకు జరిగాడు. పిలగాడి వేలు తప్పింది. అంకె 126కు ఎగిరింది. "కాకా!" అని అరిచాడు పిలగాడు, నవ్వుతూ, మళ్ళీ మొదటి నుంచి కొట్టడం మొదలుపెట్టాడు. మేనమామ అప్పటికే రుమాలు ఎగరేస్తున్నాడు.